కోపం తగ్గని ఉక్కు

విరిగిన పిన్ను మా ల్యాబుకు గోనెసంచిలో వచ్చింది. మూతి విప్పి రెండు ముక్కలూ బల్ల మీద పెట్టగానే చివర కొట్టిన గుర్తు కనబడింది. గుండ్రం, మధ్యలో చుక్క. అది మా నాన్న షెడ్డు గుర్తు.

మనుషులకు పోస్టుమార్టం చేసే డాక్టర్లున్నట్టే నేను లోహాలకు చేస్తాను. విరిగిన ఇరుసులు, అరిగిన పళ్ళచక్రాలు, పగిలిన స్ప్రింగులు నా దగ్గరికి వస్తాయి. వాటిని కోసి, నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఎందుకు పోయాయో చెబుతాను. ఇంట్లో వాళ్ళు నన్ను 'ఇనుప డాక్టరమ్మ' అని వెక్కిరిస్తారు. నా నోటికి జడిసి ఎదురుగా మాత్రం అనరు.

ఆ పిన్ను సంగతి నాకు ముందే తెలుసు. రాళ్ళ క్వారీలో తవ్వే యంత్రం ఉంటుంది కదా, దాని చేతికి బకెట్‌ను పట్టి ఉంచే పిన్ను అది. పోయిన వారం పుటుక్కున విరిగింది. బకెట్ ఒక పక్కకి ఒరిగి కింద పడింది. దగ్గర్లో నిలబడి బండరాయికి గొలుసు కడుతున్న మనిషి కాలు దాని కింద నలిగిపోయింది. ఆస్పత్రిలో ఆ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. అతని వయసు మా తమ్ముడి వయసే అని తర్వాత తెలిసింది.

షెడ్డంటే ఇప్పుడు మా అన్నయ్యా, తమ్ముడూ. నాన్న పోయాక ఇద్దరూ కలిసి నడుపుతున్నారు. ఇతరులు తయారు చేసిన ఉక్కు సామాను తెచ్చి ఇస్తే, కాల్చి, నూనెలో ముంచి, గట్టిపరిచి ఇవ్వడం వాళ్ళ పని. బయటి వ్యవహారం, సరుకు పంపడం అన్నయ్య చూసుకుంటాడు. ఫర్నేసులు తమ్ముడివి. ప్రమాదం జరిగిన మర్నాడే అన్నయ్య పనివాళ్ళందరి ముందూ ఒక మాట అనేశాడు. ల్యాబు రిపోర్టులో తప్పు ఫర్నేసు దగ్గర జరిగిందని వస్తే తమ్ముడు మళ్ళీ షెడ్డు గడప తొక్కకూడదని. తమ్ముడు ఒక్క మాట ఎదురు చెప్పకుండా చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రిపోర్టు వచ్చి నా ఒళ్ళోనే పడింది. దరిద్రం అంటే ఇదే.

మా ల్యాబు పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"సార్, ఇది మా అన్నదమ్ముల షెడ్డుది. నేను ముట్టుకోకూడదు."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నన్ను చూశాడు. "సంతకం నాది. చూపు నాది. పాలిష్ మాత్రం నీదే అమ్మా. ఇక్కడ మిగతావాళ్ళు పాలిష్ చేస్తే దున్నిన పొలంలా ఉంటుంది. పక్కన నేను కూర్చుంటాను, పద."

అసలు గొడవ ఎక్కడ మొదలైందో చెప్పాలి. క్వారీ వాళ్ళు చాన్నాళ్ళుగా మా పిన్నుల మీద సణుగుతున్నారు. త్వరగా అరిగిపోతున్నాయని, వదులై బకెట్ ఊగిపోతోందని. రాతి పొడి వెళ్ళి పిన్ను చుట్టూ చేరితే అరగక ఏం చేస్తుంది? కానీ అన్నయ్య ముక్కుసూటి మనిషి. అరుగుతోందంటే మెత్తగా ఉంది, మెత్తగా ఉందంటే ఇంకా గట్టి చెయ్యాలి, అంతే ఆయన లెక్క. తమ్ముడు ఒప్పుకోలేదు. గట్టితనం పెంచితే అరగడం తగ్గుతుంది గానీ దెబ్బకు తట్టుకోదు, బండ తగిలినప్పుడు విరుగుతుంది అన్నాడు. పైపొర ఒక్కటే గట్టిపరిచి లోపలంతా సాగే గుణం ఉంచుదాం, దానికి వేరే మిషను కావాలి అన్నాడు. మిషను మాట వినగానే అన్నయ్యకు తిక్క రేగింది.

ఆ ఉదయం ఇద్దరూ షెడ్డు మధ్యలో నిలబడి అరుచుకున్నారట. మా తమ్ముడు నోట్లో నాలుక లేని మనిషి. వాడు అరిచాడంటేనే పనివాళ్ళు పనులాపి చూశారట.

"నీకు ప్రతిదానికీ భయమే. నీ చేతిలో పెడితే అరిగిపోయే సరుకే వస్తుంది," అన్నాడు అన్నయ్య.

"నీ చేతిలో పెడితే విరిగిపోయేది వస్తుంది," అన్నాడు తమ్ముడు.

చివరికి అన్నయ్య మాటే నెగ్గింది. రెండోసారి కాల్చేటప్పుడు మామూలు కంటే తక్కువ వేడి పెట్టాలని తీర్మానించాడు. ఆ రోజు కాల్చిన పిన్నుల్లోదే ఈ విరిగిన పిన్ను.

ఈ రెండోసారి కాల్చడం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఉక్కు సామానును ఇనుప బుట్టలో పెట్టి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతారు. బాగా గట్టిపడుతుంది. కానీ అది మంచి గట్టితనం కాదు, లోపలంతా బిగుసుకుపోయి, ముట్టుకుంటే విరుచుకుపడే రకం. దాన్ని మళ్ళీ చిన్న ఫర్నేసులో, తక్కువ వేడిలో కొన్ని గంటలు ఉంచితే ఆ బిగువు సడలుతుంది. గట్టితనం కొంచెం తగ్గినా ఓర్పు వస్తుంది. దీన్ని ఫ్యాక్టరీల్లో టెంపర్ చెయ్యడం అంటారు. మా నాన్న కుర్రతనంలో ఒక ఫ్యాక్టరీలో పనికి చేరినప్పుడు మేస్త్రీ "ఈ బుట్టకి టెంపర్ చెయ్యి" అన్నాడట. మా నాన్నకు తెలిసిన టెంపర్ ఒక్కటే, ఆ మేస్త్రీకి ఉన్నది. ఉక్కుకు కూడా కోపం ఉంటుంది కాబోలు, దాన్ని తగ్గించమంటున్నాడు కాబోలు అనుకున్నాడు. పని అయ్యాక వెళ్ళి "కోపం తగ్గిందండీ" అని చెప్పాడు. ఫ్యాక్టరీ అంతా పడీపడీ నవ్వింది. తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నా ఆ మాట వదల్లేదు. నూనెలోంచి తీసిన సరుకు కోపంగా ఉన్న సరుకు. చిన్న ఫర్నేసులోంచి దిగింది కోపం తగ్గిన సరుకు. "ఆ బుట్టకి కోపం తగ్గిందా?" "ఇంకా లేదు, మధ్యాహ్నానికి తగ్గుతుంది." మా షెడ్డులో మాటలు ఇలాగే ఉంటాయి. కొత్తవాళ్ళకు పిచ్చాసుపత్రిలో అడుగుపెట్టినట్టుంటుంది.

సరే, ల్యాబుకు వస్తాను. పిన్ను ముక్కలు చేతిలోకి తీసుకుని విరిగిన చోట వెలుతురుకు పట్టి చూశాను. ముఖమంతా పంచదార పలుకుల్లా తళతళలాడుతోంది. ఎక్కడా సాగిన జాడ లేదు, వంగిన జాడ లేదు. మంచి ఉక్కు పోయేముందు కొంత పెనుగులాడుతుంది, ఆ గుర్తులు మిగులుతాయి. ఇది పలుకుకూ పలుకుకూ మధ్య విడిపోయి ఒక్క దెబ్బకు రెండైంది.

రెండు దార్లున్నాయి. తక్కువ వేడిలో కాల్చడం వల్ల విరిగితే తప్పు అన్నయ్యది, ఆయన చెప్పిన వేడి అది. అసలు రెండోసారి కాల్చకపోవడం వల్ల విరిగితే తప్పు తమ్ముడిది. ఫర్నేసు వాడిది. ఈ రెండూ కాకుండా ఉక్కులోనే లోపం ఉండాలని, మట్టీ మశానం ఏదైనా కనబడాలని మొక్కుకుంటూ కూర్చున్నాను.

కోసేటప్పుడు నీళ్ళు ధారగా పోస్తూ చాలా నెమ్మదిగా కోశాను. ఇక్కడ తొందరపడితే రంపం వేడికే ఉక్కు స్వభావం మారిపోతుంది. చెయ్యని పని చేసినట్టు చూపిస్తుంది. పట్టు కోసం ముక్కను వేడి అచ్చులో బిగించకుండా చల్లటి జిగురులోనే కూర్చాను. గరుకు కాగితాల మీద, తర్వాత గుడ్డ మీద అద్దంలా అయ్యేదాకా రుద్దాను. అదే క్వారీ నుంచి వచ్చిన పాత పిన్ను, అరిగి పారేసింది, దాన్నీ అలాగే సిద్ధం చేశాను. స్పిరిట్‌లో కొంచెం నైట్రిక్ ఆమ్లం కలిపి రెండిటి మీదా తుడిచాను. పాత పిన్ను చూస్తుండగానే నల్లబడింది. కోపం తగ్గిన ఉక్కు అలాగే నల్లబడుతుంది. విరిగింది తెల్లగా నిలిచిపోయింది. ఇంకాస్త తుడిచాను. పాలిపోయిన ముఖంతో అలాగే ఉంది. మైక్రోస్కోపులో చూస్తే ఒకదాని మీద ఒకటి పడిన సూదుల రాశి, ఒక్క సూదీ మెత్తబడలేదు.

పెద్దాయన నా భుజం మీద నుంచి చూసి నిట్టూర్చాడు. "ఇది రెండోసారి కాల్చిన సరుకు కాదమ్మా."

"తక్కువ వేడిలో కాల్చారేమో సార్."

"తక్కువ వేడైనా ఇంత తెల్లగా ఉండదు. నీకు తెలుసు."

నాకు తెలుసు. అయినా మొండితనం కొద్దీ విరిగిన పిన్నులోంచే ఒక ముక్క కోసి, మా చిన్న ఓవెన్‌లో షెడ్డులో మామూలుగా పెట్టే వేడిలోనే ఉంచి తీశాను. మళ్ళీ పాలిష్ చేసి తుడిచాను. నల్లబడింది. గట్టితనం కొలిస్తే సరిగ్గా ఎంత ఉండాలో అంత. అంటే ఉక్కు మంచిదే, నూనెలో ముంచడమూ సరిగానే జరిగింది. ఒక పూట చిన్న ఫర్నేసులో కూర్చోబెట్టి ఉంటే ఆ మనిషి కాలు ఉండేది. ఓవెన్ తలుపు పట్టుకుని నేను ఏడ్చాను. పెద్దాయన అవతలి గదిలో ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయాడు.

ఆ బుట్టలోని మిగతా పిన్నులన్నీ యంత్రాల్లోంచి వెంటనే తీయించమని క్వారీకి ఫోన్ చేయించాం. తర్వాత నేను షెడ్డుకు వెళ్ళాను.

అన్నయ్య ఆఫీసు గదిలో ఒక్కడే ఉన్నాడు. గోడకు నాన్న చేతి తొడుగులు వేలాడుతున్నాయి. ఆ గదిలో ఎప్పుడూ నూనె కమురు వాసన. నేను నిలబడే చెప్పాను. రెండోసారి కాల్చలేదని. అన్నయ్య బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"అనుకున్నానే! వాడు కావాలనే చేశాడు."

"కావాలని ఎందుకు చేస్తాడన్నయ్యా?"

"ఆ రోజు పొద్దున ఏమన్నాడో విన్నావా? నీ చేతిలో పెడితే విరిగిపోతుంది అన్నాడు. విరిగేలా చేసి చూపించాడు. వాడి మాట నెగ్గడానికి ఒక మనిషి కాలు తీశాడు."

నాకు ఒళ్ళు మండింది. "నోరు జారకు. చీమను తొక్కకుండా నడిచేవాడు వాడు."

"నేను అడిగానే! బండి గేటు దగ్గర నిలబడి ఉంది. బుట్ట చిన్న ఫర్నేసు పక్కనే ఉంది. పంపేముందు నేను నా నోటితో అడిగాను. తగ్గింది అన్నాడు. చెవులారా విన్నాను. నువ్వు అలిసిపోయావు, ఇంటికెళ్ళి పడుకో అని కూడా చెప్పాను. అబద్ధం చెప్పి ఇంటికెళ్ళి నిద్రపోయాడు వాడు!"

రేపు పొద్దున్న క్వారీ మేనేజరు వస్తాడని, అతని ముందే తమ్ముణ్ణి నిలబెట్టి తేల్చేస్తానని అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తమ్ముణ్ణి తిట్టే మనిషి ముఖంలో అంత బాధ ఉంటుందని అంతకు ముందు నాకు తెలియదు.

అటునుంచి అటే తమ్ముడి ఇంటికి వెళ్ళాను. మరదలు తలుపు తీసి, లోపలికి కళ్ళతో చూపించి, "మాట్లాడించండి వదినా. నాతో కూడా మాట్లాడట్లేదు," అంది. వాడు వంటగదిలో పీట వేసుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఇంటిల్లిపాదీ వారం రోజులు తిన్నా తరగనన్ని తీసి పెట్టాడు.

"ఒరేయ్, ఆ పిన్నులకి కోపం తగ్గలేదు," అన్నాను.

వాడి చెయ్యి ఆగింది. "తక్కువ వేడిలో పెట్టి ఉంటాడు అన్నయ్య. నేను వద్దన్నాను."

"తక్కువ కాదు. అసలు పెట్టనే లేదు."

వాడు తలెత్తి చూసిన చూపు చూస్తే నాకు అర్థమైపోయింది, వీడికి ఏమీ తెలియదని. ముఖం తెల్లగా పాలిపోయింది. చాకు కింద పెట్టాడు.

"చిన్న ఫర్నేసులో అప్పటికి వేరే సరుకు ఉందక్కా. అది దిగాక ఎక్కిద్దామని బుట్ట పక్కన పెట్టాను. సాయంత్రం వచ్చేసరికి బుట్ట లేదు. అన్నయ్యే దగ్గరుండి కాల్పించి పంపించాడనుకున్నాను. తనకు కావలసిన వేడి పెట్టుకోవడానికే నన్ను ఇంటికి పొమ్మన్నాడేమో అని కూడా అనుకున్నాను."

"ఆయన నిన్ను అడిగానంటున్నాడు. తగ్గింది అన్నావట."

"సరుకు గురించి నన్నెవరూ అడగలేదు." వాడు అరచేతుల్లోకి చూసుకున్నాడు. "తను చేయించి తప్పు నా మీదికి తోస్తున్నాడని అనుకున్నా నేను ఎదురు చెప్పలేదు. చెప్పాలనిపించలేదు."

"ఎందుకురా అంత మంచితనం?"

"ఆ రోజు ఆయన నన్ను వేరే మాట అడిగాడక్కా." వాడు సిగ్గుపడినట్టు కొద్దిగా నవ్వాడు. "గొడవయ్యాక, మధ్యాహ్నం కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. అప్పటికీ లోపల ఉడుకుతూనే ఉంది. వెనక నుంచి అన్నయ్య వచ్చాడు. కోపం తగ్గిందా? అని అడిగాడు."

దుంపలు పక్కకి నెట్టి వాడి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నువ్వేమన్నావ్?"

"తగ్గిందన్నయ్యా అన్నాను. నిజంగానే తగ్గింది. ఆయన అడగ్గానే తగ్గిపోయింది. అలిసిపోయావు, ఇంటికెళ్ళి పడుకో అన్నాడు. మన ఇంట్లో ఎవరైనా ఎవర్నైనా అలా అడిగారా చెప్పు? నాన్న అడిగాడా? దార్లో నడుచుకుంటూ వస్తూ ఏడ్చాను అక్కా, నా వయసుకి. అందుకే తర్వాత ఆయన నా మీద వేసినా, వెయ్యనీ అనుకున్నాను. ఒక్కసారైనా అడిగాడు కదా."

నోటి దాకా వచ్చింది, ఒరేయ్ పిచ్చివాడా, ఆయన అడిగింది నిన్ను కాదురా, బుట్టని అని. అది చెబితే వాడు అబద్ధాలకోరు కాదని తేలిపోతుంది. షెడ్డు వాడికి మళ్ళీ దక్కుతుంది. కానీ వాడు దాచుకున్న ఆ ఒక్క ముక్కా పోతుంది. ఎవరి మీదైనా కత్తిలా లేచే నా నోరు ఆ పూట పనిచెయ్యలేదు. బంగాళాదుంపలు చాలు, లేచి స్నానం చెయ్యి అని చెప్పి బయటపడ్డాను.

మళ్ళీ షెడ్డుకు వెళ్ళాను. పనివాళ్ళు దిగిపోతున్నారు. అన్నయ్య అదే కుర్చీలో అలాగే ఉన్నాడు. తమ్ముడు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. కుళాయి దగ్గర అడిగిన మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన పెదవులు కదిలాయి. ఆ మాట తనలో తాను రెండుసార్లు అనుకుని చూసుకున్నట్టున్నాడు.

"నేను బుట్టని అడిగాను," అన్నాడు మెల్లగా.

"తెలుసు."

"వాడు అటు తిరిగి ఉన్నాడు. నేను తలుపులోంచి లోపలున్న బుట్ట వైపు చూస్తూ అడిగాను. వాడి ముఖం కూడా చూడలేదు."

"పంపేముందు గట్టితనం చూడలేదా నువ్వు?"

ఆయన గోడ వైపు చూస్తూ చెప్పాడు. "ఆకురాయి పెట్టి చూశాను. జారిపోయింది, గీత కూడా పడలేదు. నేను చెప్పిన దానికంటే గట్టిగా ఉంది. తేడాగా అనిపించింది కూడా. కానీ వాడు నా మాట విన్నాడని సంబరపడ్డానే. పొద్దున అరిచినా చివరికి నా మాట విని వేడి బాగా తగ్గించాడు, మంచివాడు అనుకున్నాను. ఆ సంబరంలో బండి ఎక్కించేశాను."

అటు వాడు కుళాయి దగ్గర సంబరపడ్డాడు, ఇటు ఈయన ఆకురాయి పట్టుకుని సంబరపడ్డాడు. ఆ పూట ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఎంతో ప్రేమ పుట్టింది. ఇద్దరిలో ఎవరు మళ్ళీ అరిచి ఉన్నా బుట్ట ఆగిపోయేది.

మర్నాడు క్వారీ మేనేజరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నిద్ర లేని ముఖంతో ఉన్నాడు. ఆస్పత్రి నుంచే వచ్చానని చెప్పాడు. మా పెద్దాయన రిపోర్టు వివరించాడు. నేను ఒక మూల నిలబడ్డాను. తమ్ముడు తలుపు దగ్గరే ఆగిపోయాడు. గడప లోపలికి రాలేదు. అన్నయ్య అన్న మాట వాడు మరిచిపోలేదు.

మేనేజరు విని, కాగితం మడిచి, "అయితే ఫర్నేసు దగ్గర ఎవరున్నారు? కాల్చకుండా సరుకు ఎలా బయటికొచ్చింది? అది చెప్పండి నాకు. ఆ మనిషి భార్యకు నేనేదో ఒకటి చెప్పాలి కదండీ," అన్నాడు.

తమ్ముడు నోరు తెరిచాడు. నేనే అని చెప్పేస్తాడని నాకు తెలుసు. వాడి సంగతి నాకు తెలియదా? ఈ లోపల అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"కాల్చిందీ లేనిదీ అడిగి పంపాల్సింది నేను. నేను అడగలేదండీ."

మేనేజరు భృకుటి ముడిచాడు. "అడిగానని ఫోన్లో చెప్పారు."

"అడిగాను. సరుకు సంగతి కాదు." అన్నయ్య తమ్ముడి వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న గోడతోనే మాట్లాడాడు. "ఆ రోజు పొద్దున్న మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. వీడు బాధపడ్డాడు. వీడికి కోపం తగ్గిందా అని అడిగాను. వీణ్ణే అడిగాను. తగ్గిందన్నాడు, ఇంటికి పంపించాను. బుట్ట గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆకురాయి జారుతుంటే కూడా నేనే బండి ఎక్కించాను. మా షెడ్డులో ఆ మాటకు రెండర్థాలున్నాయి, దాంతో నేను తర్వాత తికమకపడి వీడి మీద వేశాను. తప్పు నాది. ఆ మాట ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాను. వాళ్ళింటికి కూడా నేనే వస్తాను."

అన్నయ్య అబద్ధం చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. ఎంత బాగా చెప్పాడో. మా పెద్దాయన నా వైపు చూశాడు, నేను నేల చూశాను. తమ్ముడు గడప దాటి లోపలికి వచ్చేశాడు. ఏడుస్తున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు వాడు, ఎవరితోనో కాదు, మేనేజరుతోనే. "నన్నే అడిగాడండీ. నేను చెప్పాను మా అక్కకి."

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కోపం తెచ్చుకోబోయి, తెచ్చుకోలేక, కుర్చీలో వెనక్కి వాలాడు. క్వారీ పని ఇక మీకు రాదు అన్నాడు. పోలీసులు వస్తారని కూడా చెప్పాడు. అన్నయ్య అన్నిటికీ తలూపాడు.

అందరూ వెళ్ళాక అన్నయ్య బయట కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను. ఆయన ముఖం కడుక్కుని, తుడుచుకోకుండా, నీళ్ళు కారుతుంటే అలాగే నిలబడ్డాడు. షెడ్డు లోపల చిన్న ఫర్నేసు తలుపు తీసిన చప్పుడైంది. తమ్ముడు పనిలో దిగాడు.

"మంచి పని చేశావన్నయ్యా," అన్నాను.

"ఏం మంచి? ఆ మనిషి కాలు తిరిగొస్తుందా?" ఆయన షెడ్డు వైపు చూశాడు. "రాత్రంతా కూర్చుని గుర్తు చేసుకున్నానే. వీడి చిన్నప్పటి నుంచి గుర్తు చేసుకున్నాను. ఎప్పుడైనా ఒక్కసారి వీణ్ణి అలా అడిగానేమో, ఒక్కటైనా దొరుకుతుందేమో అని. దొరకలేదు. ఇనుముని రోజూ అడిగాను."

"ఇప్పుడు వెళ్ళి అడుగు."

"ఏమని?"

"అదే మాట."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు అడిగితే వాడికది రెండోసారి. నాకు మొదటిసారి అని వాడికి తెలిసిపోతుంది. నా గొంతులోనే తెలిసిపోతుంది."

"తెలిస్తే తెలియనీ, వెళ్ళు," అని కసిరాను.

చొక్కా చేతితో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. తమ్ముడు ఫర్నేసు ముందు వంగి బుట్ట సర్దుతున్నాడు. అన్నయ్య వెళ్ళి వాడి పక్కనే, ఎప్పుడూ నిలబడనంత దగ్గరగా నిలబడ్డాడు. చెయ్యి ఎత్తి వాడి వీపు దాకా తెచ్చాడు. తమ్ముడు వెనక్కి తిరిగి, ముఖం నిండా ఆశతో ఆయన వైపు చూశాడు.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"వేడి ఎంతలో ఉంది?" అని అడిగాడు.

తమ్ముడు ఒక్క క్షణం ఆగి, మీటరు వైపు చూసి, ఎంతలో ఉందో చెప్పాడు.